గేటుకు లోపలి దిక్కు

కుమారస్వామి నలభై దాటినంక మొదటిసారి కొలువుకు పోయిండు. వరంగల్ శివనగర్‌ల రైల్వే గోడ పక్క సందుల ఉండేటోళ్లందరికీ ఆ పొద్దు యాదికున్నది. ఎందుకంటే ఆయన అంగీ లోపలికి దోపుకొని బెల్టు పెట్టుకోంగ అంతకుముందు ఎవ్వరూ చూడలేదు. భార్య పద్మలత గడప కాడ మిషన్ ముందల కూసుండి ఎవరిదో పట్టుచీరకు ఫాల్ కుడుతున్నది. తలెత్తి చూసి, "ఎనుక ఒక లూపు తప్పింది" అన్నది. గంతే. సంతోషం ఉన్నా ముందుగాల బయటపెట్టే మనిషి కాదామె. పెట్టిన ప్రతిసారీ అది మళ్ల లోపలికి గుంజుకోవాల్సి వచ్చింది మరి.

అంతకుముందు ఆయన ఏం చేసేటోడంటే ఒక్క మాటల చెప్పుడు కష్టం. విద్యార్థి నాయకుడు. జాతీయ విద్యార్థి సమితి అని ఉంటది. దానికి ఢిల్లీల ఆఫీసు, రాష్ట్రానికో కమిటీ, జిల్లాకో కమిటీ. వరంగల్‌ల మాత్రం సమితి అంటే కుమారస్వామే. బస్ పాస్ రేటు పెరిగిందా, హాస్టల్ పప్పుల నీళ్లే ఉన్నయా, పరీక్ష పేపర్ తప్పు వచ్చిందా, పిల్లలు ఆయన దగ్గరికే ఉరికొచ్చేటోళ్లు. తల్లిదండ్రులు గూడ వచ్చేటోళ్లు. ఈ సందుల ఆడోళ్లే ఎంతమంది కొడుకుల సర్టిఫికెట్ల కోసం ఆయన ఎంబడి పోయి ఆఫీసుల మెట్లు ఎక్కలేదు?

ఆయనది పాలంపేట అవతల చిన్న ఊరు. నాయిన కౌలుకు వరి వేసేటోడు. చేన్ల పిట్టలను అరిచి లేపి లేపి కుమారస్వామికి గొంతు పెద్దగైంది. డిగ్రీకని హనుమకొండ వచ్చి సర్కారు హాస్టల్‌ల చేరినంక, ఒకనాడు అన్నంల పురుగులు తేలినయి. పిల్లలంతా పళ్లాలు పట్టుకొని రోడ్డు మీద కూసున్నరు. ఎవరో ఒకరు గట్టిగ మాట్లాడాలె కదా. ఈయన లేచి మాట్లాడిండు. మైకు లేకుండనే చౌరస్తా అవతలి కిరాణం దుకాణపోడు గూడ బయటికొచ్చి చూసిండట. వారం తిరగకముందే కొత్త బియ్యం బస్తాలు దిగినయి. మనం మొత్తుకుంటే బియ్యం మారుతయని తెలిసినంక ఇరవై ఏండ్ల పిల్లగానికి ఇంకో పని మీద మనసెట్ల పోతది?

సమితిల ఉండాలంటే విద్యార్థై ఉండాలె. కాబట్టి ఆయన చదువు ఒడవనియ్యలేదు. ఒక ఎమ్మే అయిపోంగనే ఇంకో ఎమ్మే, తర్వాత లైబ్రరీ సైన్సు, తర్వాత లా. లా అయితే రెండో ఏడాది కాడనే ఆగింది, పరీక్షల టైంకు పాట్నాల జాతీయ మహాసభ వచ్చింది. జనరల్ డబ్బాల తలుపు కాడ కూసుండి పోయిండు, బ్యానరే దుప్పటి. కట్టెకు జెండా కట్టరాని పిల్లలకు జెండా కట్టుడు నేర్పిండు, మైకు ముందట గజగజ వణికే పిల్లలకు ముందు గోరువెచ్చటి నీళ్లు తాగాలని నేర్పిండు. "మీ ఆయన ఏం చేస్తడు వదినే?" అని ఎవలన్న అడిగితే పద్మలత "చదువుతాండు" అనేది. బిడ్డ దీప ఒకటో తరగతిల ఉన్నప్పుడు టీచరమ్మ మీ డాడీ ఏం చేస్తడని అడిగితే, "మా డాడీ గూడ చదువుకుంటాండు టీచర్, ఆయనదే అయిపోతలేదు" అన్నదట. వాడకట్టు అంతా వారం రోజులు నవ్వుకున్నది.

ఆ పిల్లకు అన్నం తినిపించుడు గూడ నినాదంతోనే. ముద్ద పట్టుకొని "తినేది ఎవలు?" అని ఈయన అరిచేటోడు, "మనమే!" అని అది నోరు తెరిచేది; "ఆగేది ఎవలు?" అంటే "ఎవ్వలం గాదు!" అని ఇంకో ముద్ద మింగేది.

పెద్ద పార్టీ వాళ్లు సభలప్పుడు సమితి పిల్లలను పిలిచేటోళ్లు. జెండాలు కట్టిపిచ్చుకునేటోళ్లు, ఊరేగింపుల ముందల నడిపిచ్చుకునేటోళ్లు. ఒకసారి కార్పొరేటర్ టికెట్ నీకేనని కుమారస్వామి భుజం తట్టిండ్రు. ఫ్లెక్సీకి ఫోటో దిగిండు. పద్మలత కొత్త అంగీ కుట్టిచ్చింది. టికెట్ ఇంకెవరికో పోయింది, ఫ్లెక్సీ మాత్రం మూడేండ్లు ఇదే సందుల ఉండే మొగిలమ్మ బర్రెల కొట్టం మీద వాన ఆపింది. "నీ మొఖం చల్లగుండ నాయినా, ఒక్క సుక్క దిగలే" అని మొగిలమ్మ దీవించేది. ఆయన నవ్వేటోడు. నవ్వక ఏం చేస్తడు.

ఆఖరుకు సమితి వాళ్లే మహాసభల శాలువా కప్పి, "అన్నను బాధ్యతల నుంచి గౌరవంగ విడుదల చేస్తున్నం" అని ప్రకటించిండ్రు. తెల్లారి ఫోన్ మోగలేదు. ఆ తెల్లారి గూడ మోగలేదు. ఫోన్ పాడైందేమోనని దీపతోని మిస్డ్ కాల్ ఇప్పిచ్చుకున్నడు. అది మోగింది.

ఆ మోగని ఫోన్‌తోని రెండేండ్లు గడిచినంక ఓంప్రకాశ్ ఇంటికొచ్చిండు. ఆయన జ్ఞానసరోవర జూనియర్ కాలేజీకి డైరెక్టరు. కారు సందుల పట్టక మూల మీదనే ఆపి నడుసుకుంట వచ్చిండు. ఇదే ఓంప్రకాశ్ దిష్టిబొమ్మను కుమారస్వామి ఒకప్పుడు పెట్రోలు పోసి కాలవెట్టిచ్చిండు, ఆయన కాలేజీ గేటుకు తాళం గూడ ఏసిండు.

"పాతయి యాదికి తీయకు స్వామీ" అన్నడు ఓంప్రకాశ్, పద్మలత ఇచ్చిన చాయ్ తాగుకుంట. "గేటుకు తాళమేసుడు నీ కన్న ఎక్కువ ఎవలకు తెల్వదు. ఆ తాళం పడకుండ చూసుడు గూడ నీకే తెలుస్తది. పీఆర్వో అని కార్డు కొట్టిపిస్త. నీ బిడ్డకు రెండేండ్లు ఇంటర్ ఫీజు ఉండదు, పుస్తకాల పైసలు గూడ అడుగ."

ఆ ఆఖరి మాట కాడ పద్మలత మిషన్ ఆగింది. సందుల ఉన్నోళ్లకు గూడ తెలిసింది, పని కుదిరిందని.

గిసొంటి కొలువు ఆయన ఒక్కనికే కాదు. కార్పొరేట్ కాలేజీలల్ల గేటు కాడ నిలబడే పీఆర్వోలల్ల సగం మంది పాత విద్యార్థి నాయకులే. పద్ధతి ఎట్లుంటదంటే, బంద్ పిలుపు వచ్చిందంటే ముందునాడే అటు నుంచి ఫోన్ వస్తది.

"అన్నా, రేపు వస్తున్నం."

"రండి తమ్మీ. ఎంతమంది?"

"ఇరవై దాంక ఉంటం."

"పదకొండుకు రండి. గేటు ఊపుకోండ్రి కానీ బోర్డు మీద రాళ్లు పడొద్దు."

పిల్లలు వస్తరు, గేటు పట్టుకొని ఊపుతరు, పీఆర్వో బయటికొచ్చి రెండు చేతులు జోడిస్తడు, మెమోరాండం ఇస్తరు, ఫోటో దిగుతరు. కాలేజీ సెలవని అంటరు, లోపల క్లాసులు నడుస్తనే ఉంటయి. బయటోళ్లకు తెలుసు, లోపలోళ్లకు తెలుసు. మొదటిసారి గట్ల చేతులు జోడిచ్చిననాడు కుమారస్వామి ఇంటికొచ్చి అన్నం తినకుండనే పండుకున్నడు. రెండోసారి తిని పండుకున్నడు.

ఇప్పుడు అటు నుంచి ఫోన్ చేసేది విన్సెంట్. డోర్నకల్ పిల్లగాడు, నాయిన రైలు పట్టాల మీద గ్యాంగుల పనిచేస్తడు. సమితికి జిల్లా కార్యదర్శి. మైకు పట్టుడు కాంచి పోలీసు జీపు ఎక్కేటప్పుడు తల వంచుడు దాంక అన్నీ కుమారస్వామే నేర్పిండు. పద్మలత చేతి పచ్చిపులుసు అంటే వానికి పానం. పొద్దున ధర్నా, సాయంత్రం రైల్వే పరీక్షల కోచింగ్, గట్ల బతుకుతాండు.

దసరా సెలవులొచ్చినయి. కాలేజీలన్నిటికీ సర్కారు సెలవులిచ్చింది గానీ జ్ఞానసరోవర హాస్టల్‌ల ఆడపిల్లలను పంపలేదు. టెస్టులున్నయన్నరు. దీప ఇంటి నుంచే పోయొస్తది, కానీ దాని పక్క బెంచీ సింధు హాస్టల్. ములుగు అవతల అడవి పక్క ఊరు దానిది.

"డాడీ, సింధు క్లాసుల ఏడుస్తాంది" అని చెప్పింది దీప, అన్నం తినుకుంట. "సద్దుల బతుకమ్మకన్న పంపుతరేమో అడుగు. వాళ్లమ్మ గునుగు పువ్వు కోసి నీళ్లల్ల పెట్టిందట, రోజూ వార్డెనమ్మకు ఫోన్ చేస్తే ఎత్తుతలేదట."

"అడుగుత తియ్" అన్నడు.

అడిగిండు గూడ. ఓంప్రకాశ్ కుర్చీల వెనక్కి ఒరిగి, "ర్యాంకులు పువ్వులల్ల పూస్తయా స్వామీ?" అన్నడు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు మీ సమితోళ్లు వస్తున్నరట. హాస్టల్ ఖాళీ అని చెప్పు. పిల్లలను పైఅంతస్తుల కూసోబెడ్తం. ఈ ఒక్కటి దాటిచ్చినవంటే దీపకు ఎంసెట్ కోచింగ్ గూడ ఫ్రీ చేస్త. దాటియ్యకపోతే మాత్రం, నువ్వు ఉండి నాకేం లాభం, నువ్వే చెప్పు?" అన్నడు. కోపం లేదు గొంతుల. లెక్క అడిగినట్టే అడిగిండు.

ఆ సాయంత్రం విన్సెంట్ ఫోన్.

"అన్నా, రేపు వస్తున్నం. ఈసారి ఫోటో కోసం కాదన్నా. తల్లులు ఫోన్లు చేసి ఏడుస్తాండ్రు."

"హాస్టల్ ఖాళీ విన్సెంటూ. పంపిచ్చినం."



"నువ్వు చెప్తే నమ్ముత అన్నా. కానీ వచ్చి చూస్త."

తెల్లారి కాలేజీల తమాషా చూడాలె. ఆడపిల్లలందరినీ పైఅంతస్తుకు ఎక్కిచ్చిండ్రు. పరదాలు దించిండ్రు, చప్పుడైతదని ఫ్యాన్లు బంద్ పెట్టిండ్రు. మెట్ల కింద కుప్ప పడ్డ చెప్పులను ఏం చేయాల్నో తెల్వక వాచ్‌మన్ రాయమల్లు బియ్యం సంచులల్ల కుక్కుతాండు. "ఏది ఎవలదో మళ్ల నేనే ఏరియ్యాలె. గీ వయసుల గిదేం పని సారూ" అని గొణుగుతనే ఉన్నడు. దీప గూడ ఆ పైననే ఉన్నది, చెమటలు కక్కుకుంట, సింధు పక్కపొంటి.

కుమారస్వామి గేటుకు లోపలి దిక్కు నిలబడ్డడు.

పిల్లలు వచ్చిండ్రు. ఎప్పుడూ ఇరవై మంది వచ్చేటోళ్లు, ఈసారి తొమ్మిదో పదో ఉన్నరు, మిగితా వాళ్లు పండుగకు ఊళ్లకు పోయిండ్రు. టీవీ కెమెరా ఒకటి వచ్చింది. విన్సెంట్‌కు జలుబు చేసి గొంతు బొంగురు పోయింది. గేటు కమ్మీలు పట్టుకొని, "అన్నా, లోపల ఎవలున్నరు?" అని అడిగిండు.

"ఎవ్వలు లేరు తమ్మీ. సెలవులిచ్చినం." కెమెరా వాడు తీసుకున్నడు.

"ఒకసారి చూస్తం, గేటు తీయి."

"చూసేందుకు ఏమున్నది, ఒట్టి గదులు."

విన్సెంట్ ఆయన మొఖంల మొఖం పెట్టి చూసిండు. వెనక్కి తిరిగి చెయ్యెత్తిండు. ఆ నినాదం సమితిల ప్రతి ఒక్కరికీ ఎరుకే, ఇరవై ఏండ్ల కింద పళ్లాలు పట్టుకొని రోడ్డు మీద కూసున్ననాడు కుమారస్వామి అప్పటికప్పుడు అల్లింది.

"అడిగేది ఎవలు?"

"మనమే!" అన్నరు పిల్లలు, సల్లసల్లగ.

"ఆగేది ఎవలు?"

ఆ మాట కాడ విన్సెంట్ గొంతు చీలి దగ్గు అందుకున్నది. పిల్లలల్ల ఒకడు వాని ఈపు నిమరబట్టిండు, ఇంకొకడు నీళ్ల సీసా కోసం చూడబట్టిండు. జవాబు చెప్పెటోడు లేడు. నినాదం గాలిల సగం వేలాడింది.

అది చూసి ఊకుండే గొంతు కాదు కుమారస్వామిది. నినాదానికి ఎదురు మాట పడకపోతే ఆయనకు అన్నంల రాయి వచ్చినట్టైతది. గేటు లోపల నిలబడి, మెడల పీఆర్వో కార్డు వేసుకొని, తనకు తెల్వకుండనే పిడికిలెత్తిండు.

"ఎవ్వలం గాదు!"

చేన్ల పిట్టలను లేపిన గొంతు అది. చౌరస్తా దాంక పోయింది. అంతకన్న ముందు పైఅంతస్తుకు పోయింది.

పైన దీప ఉన్నది కదా. అన్నం ముద్దతోని పాటు ఆ నినాదం మింగి పెరిగిన పిల్ల. తండ్రి గొంతు చెవుల పడంగనే దాని నోరు అదే తెరుసుకున్నది. "ఎవ్వలం గాదు!" అని అరిచింది. దాని పక్కన సింధు అరిచింది. పొద్దటి నుంచి ఫ్యాను లేక, నోరు తెరవక ఉడుకుతున్న ఆడపిల్లలు, పీఆర్వో సారే అరుస్తాండంటే పర్మిషన్ వచ్చిందనుకున్నరో ఏమో, హాలుకు హాలు ఒక్కసారి లేచింది. పరదాలు పక్కకు జరిగినయి. కిటికీల జాలీలల్ల నుంచి చున్నీలు ఊపుతాండ్రు.

రోడ్డు మీద పిల్లలు దగ్గు, నీళ్లు అన్నీ మరిచి నోరెళ్లబెట్టి చూసిండ్రు. తర్వాత నవ్విండ్రు. విన్సెంట్ నవ్వలేదు. "అన్నా" అన్నడు మెల్లగ, "ఒట్టి గదులు బాగనే మాట్లాడుతున్నయి."

కుమారస్వామి పిడికిలి దించిండు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలేదు. పైనుంచి పిల్లలు మెట్ల మీద దబదబ ఉరికొచ్చే చప్పుడు ఇనిపిచ్చింది. ఇరుకు మెట్లు, అందరూ ఒట్టి కాళ్లు. గేటు మూసి ఉంటే ఒకరి మీద ఒకరు పడుతరు.

"రాయమల్లు తాతా, గేటు తీయి."

"సారు ఏమంటడో..."

"నేను తియ్యిమన్నననే చెప్పు. తీయి."

పొద్దుగూకేసరికి విద్యాశాఖ అధికారులు వచ్చి చూసి, రాసుకొని పోయిండ్రు. తల్లిదండ్రులు ఆటోలల్ల, బండ్ల మీద వచ్చి పిల్లలను తీసుకపోయిండ్రు. రాయమల్లు సంచులు కుమ్మరిస్తే ఎవల చెప్పులు ఎవలకు దొరికినయో ఆ దేవునికే ఎరుక. సింధు ఒక కాలుకు నీలిది, ఒక కాలుకు నల్లది వేసుకొని ములుగు బస్సెక్కిందని దీప ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పింది. తండ్రి నవ్వలేదని చూసి ఊకున్నది.

తెల్లారి ఓంప్రకాశ్ పిలిచి ఒక కాయిదం ముందట పెట్టిండు. విద్యార్థి సమితి జిల్లా కార్యదర్శి విన్సెంట్, ఇంకొంతమంది గేటు ఇరగ్గొట్టి లోపలికి చొరబడి సిబ్బందిని కొట్టిండ్రని అందుల ఉన్నది.

"సంతకం పెట్టు స్వామీ. నిన్నటిది మరిచిపోత. నీ కొలువు నీదే, దీప సీటు దీపదే."

"గేటు ఇరగలే సార్. నేనే తియ్యిమన్న."

"నాకు తెల్వదా? పోలీసోళ్లకు తెలుసుడు అవసరమా?" ఓంప్రకాశ్ కండ్లద్దాలు తీసి కండ్లు నలుపుకున్నడు. ఆయన గూడ నిద్రపోలేదు. "సాయంత్రం దాంక టైం తీసుకో. లేకపోతే బిడ్డ టీసీ తీసుకపో."

ఇంటికొచ్చి గోడకు ఒరిగి కూసున్నడు. ఆయన చెప్పింది పద్మలత మొత్తం ఇన్నది. ఎవలదో చీర అంచు ఒళ్లె ఉన్నది.

"సంతకం పెడితే విన్సెంట్‌కు ఏమైతది?"

"కేసైతది. రైల్వే కొలువు వచ్చినా పోలీసోళ్లు చూసి రాసిస్తేనే లోపలికి తీసుకుంటరు. కేసుంటే కష్టం."

"పెట్టకపోతే?"

"దీపది..."

పద్మలత దారం పండ్లతోని కొరికింది. "నన్ను అడుగకు. పెట్టకు అంటే రేపు కష్టమొచ్చినప్పుడు నువ్వే అన్నవని నా మీద ఏస్తవ్. పెట్టు అంటే సచ్చేదాంక నా మొఖం చూడవ్. ఇరవై ఏండ్లు నన్ను అడుగకుండనే తిరిగినవ్ కదా, గిదొక్కటి గూడ అడుగకుండనే చెయ్యి."

లోపలి అర్ర నుంచి దీప ఇనుకుంటనే ఉన్నది. "డాడీ, నేను సర్కారు కాలేజీల చదువుకుంట. ఆడ ఫ్యానన్న తిరుగుతది."

"నోరు మూసుకొని పుస్తకం పట్టు" అన్నది తల్లి. కానీ మిషన్ తొక్కుడు మొదలుపెట్టలేదు.

ఆయన కాలేజీకి పోలేదు. పెద్దగ ఆలోచించి పోకపోవుడు గూడ కాదు. లేచేందుకు ఓపిక లేక గోడకే ఒరిగి కండ్లు మూసిండు. సాయంత్రం అట్లనే ఎల్లిపోయింది. ఫోన్ మోగింది, ఎత్తలేదు. మోగని ఫోన్ కోసం రెండేండ్లు కూసున్న మనిషి, మోగుతున్న ఫోన్ దిక్కు తల గూడ తిప్పలేదు.

మరునాడు పొద్దుగాల రాయమల్లు వచ్చి గడప బయటనే నిలబడ్డడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"కాయిదం మీద నాతోని పెట్టిచ్చిండ్రు అయ్యా. ఏం రాసిండ్రో నన్ను చదువనియ్యలే. నేను పెట్టనంటే ఎట్ల? బిడ్డ కాన్పుకు వచ్చి ఇంట్లనే ఉన్నది. పొద్దుగాల పోలీసులు ఆ పిల్లగాన్ని పిలిచిండ్రట."

కుమారస్వామి ఆయన దిక్కు చూసిండు. తాను పెట్టని సంతకం ఇంకొకలు పెడితే దాని బరువేం తగ్గలేదు, అటు నుంచి ఇటు జరిగిందంతే.

"చాయ్ తాగి పో తాతా. నువ్వు తప్పు చెయ్యలే."

"తాగబుద్ధైతలేదయ్యా" అని రాయమల్లు ఎల్లిపోయిండు.

పద్మలత దండెం మీది అంగీ తీసిచ్చింది. ఆయన తొడుక్కున్నడు. లోపలికి దోపుకోలేదు, బెల్టు పెట్టుకోలేదు. "దీప టీసీకి నేను పోత" అన్నది ఆమె. "నువ్వు ఆ పిల్లగాని కాడికి పో. డోర్నకల్ నుంచి వాళ్ల నాయిన వచ్చేదాంక ఎవలున్నరు వానికి?"

స్టేషన్‌ల విన్సెంట్ బల్ల మీద ఒక్కడే కూసున్నడు. సమితి పిల్లలు బయట రోడ్డు మీద నిలబడి రాష్ట్ర కమిటీకి ఫోన్లు కలుపుతున్నరు, కలుస్తలేవు. కుమారస్వామి లోపలికి రాంగనే విన్సెంట్ లేచిండు. "అన్నా, నువ్వెందుకొచ్చినవ్? వాళ్లు నిన్ను గూడ ఇరికిస్తరు."

"కూసో."

ఎస్సై కొత్త పిల్లగాడు, ఈ ఊరికి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. ఒకప్పుడైతే ఈ స్టేషన్‌ల కుమారస్వామిని చూసి కానిస్టేబుళ్లు కుర్చీ జరిపెటోళ్లు. ఎస్సై తలెత్తి, "ఎవరు మీరు? సమితేనా?" అన్నడు.

"ఈయన మా మాజీ..." అని విన్సెంట్ అందుకోబోతే, కుమారస్వామి వాని మోకాలు మీద చెయ్యి పెట్టి ఆపిండు.

"సమితి కాదు సార్. ఆ కాలేజీలనే పనిచేసేటోన్ని. లోపల పిల్లలు లేరని అబద్ధం చెప్పింది నేనే, గేటు తియ్యిమన్నది గూడ నేనే. వీళ్లు ఇరగ్గొట్టలే. గదే రాసుకోండ్రి."

ఎస్సై పెన్ను పక్కకు పెట్టి ఆయనను ఎగాదిగా చూసిండు. "మీ కాలేజీ వాళ్ల మీదనే చెప్తున్నరు మీరు. ఆలోచించుకున్నరా? ఇప్పుడు ఏం పని చేస్తున్నరు?"

చదువుతున్ననందామంటే చదువు లేదు, కొలువందామంటే నిన్ననే పోయింది. కుమారస్వామి బల్ల మీద విన్సెంట్ పక్కన జరిగి కూసున్నడు.

"ఇప్పుడైతే ఏం పని లేదు సార్. మీరు రాసుకునేదాంక కూసుంట."